మోకాటి చిప్ప ఆరోసారి జారింది – ఇద్దరు డాక్టర్లు రెండు వేర్వేరు ఆపరేషన్లు చెబుతున్నారు

నీలిగోరింట

అందరికీ నమస్కారం. నా వయసు 24. కుడి మోకాటి చిప్ప మొదటిసారి నా 16వ ఏట జారింది. వాలీబాల్ ఆడుతూ పాదం నేలకు ఆనించి ఉంచి ఒళ్లు మాత్రం పక్కకు తిప్పాను, అంతే. కింద పడి చూసుకుంటే మోకాలి ముందు ఉండాల్సిన ఎత్తు లేదు. అక్కడ గుంట ఉంది, బయటి పక్కన పిడికిలంత ఉబ్బు ఉంది. ఎవరో కాలు నెమ్మదిగా చాచగానే ‘టక్’మని దానంతట అదే చోటులోకి వచ్చింది. మూడు వారాలు బ్రేసు వేసుకున్నాను, తర్వాత వ్యాయామాలు చేశాను. బాగైపోయిందనే అనుకున్నాను.

ఆ తర్వాత ఈ ఎనిమిదేళ్లలో ఇంకో ఐదుసార్లు జారింది. మొదట్లో ఆటలో మాత్రమే జారేది. పోయిన నెల జారినప్పుడు నేను పుస్తకాల అర ముందు నిలబడి ఉన్నాను. పై వరసలోని పుస్తకం కోసం చెయ్యి చాచి కొంచెం తిరిగాను. పుస్తకం చేతిలోకి వచ్చింది, నేను నేల మీద పడ్డాను.

మొదట చూపించిన డాక్టరు గారు, లోపలి పక్క సాగిపోయిన లిగమెంటును కొత్తగా కడితే చాలన్నారు. రెండో డాక్టరు గారు, ఆవిడ కూడా అనుభవజ్ఞురాలే, అదొక్కటే చాలదు, మోకాలి కింద బుడిపె ఎముకను కోసి లోపలి పక్కకు జరిపి స్క్రూలతో బిగించాలన్నారు. ఒకే మోకాలికి రెండు వేర్వేరు ఆపరేషన్లు ఎలా ఉంటాయి? ఎవరి మాట వినాలి? ఎముక కోయడం అనే మాట వింటేనే నాకు ఒళ్లు చల్లబడుతోంది. అలాగని ఇప్పటిలా మెట్లు పక్కవాటుగా దిగుతూ బతకడం కూడా నా వల్ల కావడం లేదు. చేయించుకున్నవాళ్లు, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

తేలికనడక

నాకు ఎడమ మోకాలికి లిగమెంటు ఒక్కటే కట్టారు. రెండేళ్లయింది, ఆ తర్వాత ఒక్కసారి కూడా జారలేదు. ఇంతకంటే ముందే చేయించుకోవాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. వాయిదా వేసిన నాలుగేళ్లలో జారిన ప్రతిసారీ చిప్ప వెనక మృదులాస్థి కొంచెం కొంచెం చెక్కుకుపోయిందట. ఆపరేషన్‌లో కెమెరా పెట్టి చూసి చెప్పారు. ఆ అరిగినది తిరిగి రాదు కదా. ధైర్యంగా ఉండండి.

ఉదయపునడక

నా అభిప్రాయం వేరు. నాకూ జారింది. ఆరు నెలలు పట్టుదలగా వ్యాయామం చేశాను, తొడ కండరం గట్టిపడింది. తొమ్మిదేళ్లయింది, మళ్లీ జారలేదు. కత్తి పెట్టించుకునే ముందు ఒళ్లు వంచి చూడాలని నా నమ్మకం. ఈ రోజుల్లో ప్రతిదానికీ ఆపరేషన్ అంటున్నారు.

తేలికనడక

మీకు ఎన్నిసార్లు జారింది?

ఉదయపునడక

ఒక్కసారే.

అస్థివైద్యుడు

ఉదయపునడక గారూ, మీకు జరిగింది నిజం, మీరు చేసినదీ సరైనదే. మొదటిసారి జారినవారిలో చాలామందికి మళ్లీ జారదు. అందుకే మొదటిసారికి సాధారణంగా వ్యాయామమే చికిత్స. జారినప్పుడు ఎముకతో కూడిన మృదులాస్థి ముక్క ఊడి కీలు లోపల తిరుగుతుంటే మాత్రం వెంటనే ఆపరేషన్ కావాలి. అయితే రెండోసారి జారాక లెక్క మారిపోతుంది. ఆరుసార్లు జారిన మోకాలిని ఒక్కసారి జారిన మోకాలితో పోల్చకూడదు. నీలిగోరింట గారు వ్యాయామం చేయనందువల్ల జారుతోందని ఎవరూ అనుకోవద్దు. ఆ అమ్మాయి చేసింది, అయినా జారింది.

నీలిగోరింటా, నీ మోకాలిని చూడకుండా ఇదే చేయించుకో అని నేను చెప్పకూడదు, చెప్పను. ఒకే మోకాలికి రెండు ఆపరేషన్లు ఎలా వస్తాయో మాత్రం చెప్పగలను.

చిప్ప అంటే తొడ కండరపు తాడు మధ్యలో ఇమిడి ఉన్న చిన్న ఎముక. తొడ ఎముక కింది కొసన దాని కోసం ఒక గాడి ఉంటుంది. కాలు చాచి ఉన్నప్పుడు చిప్ప గాడికి పైన ఉంటుంది. మోకాలు 20, 30 డిగ్రీలు వంగాక గాడిలోకి దిగుతుంది. దిగేదాకా దానికి అటూ ఇటూ ఎముక గోడల ఆసరా లేదు. ఆ కాస్త దూరం దాన్ని బయటికి పోకుండా పట్టి ఉంచేది లోపలి పక్క ఉండే ఎం.పి.ఎఫ్.ఎల్. అనే సన్నని లిగమెంటు. మొదటిసారి జారినప్పుడే అది దాదాపు అందరిలోనూ తెగుతుంది, లేదా సాగుతుంది. మళ్లీ అతుక్కుంటుంది కానీ వదులుగా అతుక్కుంటుంది. నువ్వు పుస్తకం కోసం తిరిగినప్పుడు మోకాలు దాదాపు చాచే ఉంది కదా, కాపలా లేని చోటు అదే.

ఇంతవరకు ఇద్దరు డాక్టర్లకూ భేదం ఉండదు. లిగమెంటు అసలు తెగేంత పరిస్థితి ఎందుకొచ్చింది అన్న దగ్గర తేడా వస్తుంది. కొందరికి గాడి పుట్టుకతోనే లోతు తక్కువ. దేజూర్ అనే ఫ్రెంచి వైద్యుడి పేరుతో ఉన్న వర్గీకరణలో దీన్ని ఎ, బి, సి, డి రకాలుగా చెబుతాం. కొందరికి చిప్ప ఉండాల్సిన దానికన్నా పైన ఉంటుంది, అందువల్ల గాడిలోకి ఆలస్యంగా దిగుతుంది. కొందరికి చిప్ప కింది టెండన్ అనే తాడు అతుక్కునే బుడిపె గాడికి తిన్నగా కాక బాగా బయటి పక్కన ఉంటుంది. అప్పుడు తొడ కండరం బిగుసుకున్న ప్రతిసారీ చిప్పను బయటికే లాగుతుంది. గాడికీ ఆ బుడిపెకూ మధ్య అడ్డంగా కొలిచే దూరాన్ని టి.టి.–టి.జి. అంటాం. 20 మిల్లీమీటర్లు దాటితే ఎక్కువ కింద లెక్క. తొడ ఎముక మెలిక, కాళ్లు లోపలికి వంగి మోకాళ్లు తగలడం, ఒంట్లో కీళ్లన్నీ వదులుగా ఉండడం కూడా చూస్తాం.

నీ స్కాన్ రిపోర్టులో టి.టి.–టి.జి. ఎంత ఉంది? చిప్ప ఎత్తు ఎంత రాశారు? గాడి ఏ రకం అన్నారు?

నీలిగోరింట

రిపోర్టులు ముందు పెట్టుకుని రాస్తున్నాను సార్. మొదటి డాక్టరు గారు తీయించిన ఎం.ఆర్.ఐ.లో టి.టి.–టి.జి. 17 అని ఉంది. రెండో డాక్టరు గారు సి.టి. స్కాన్ తీయించారు, అందులో 21 అని ఉంది. చిప్ప ఎత్తును చెప్పే కేటన్–డెషాంప్ అనే కొలత 1.1. గాడి ఎ రకం అన్నారు.

అంటే ఇద్దరిలో ఒకరి కొలత తప్పా?

అస్థివైద్యుడు

ఇద్దరిదీ తప్పు కాకపోవచ్చు. నీ ప్రశ్నకు చాలావరకు జవాబు ఈ రెండు అంకెల్లోనే ఉంది.

ఒకే మోకాలిని ఎం.ఆర్.ఐ.లో కొలిస్తే సి.టి.లో కన్నా కొన్ని మిల్లీమీటర్లు తక్కువ రావడం మామూలే. ఎం.ఆర్.ఐ. తీసేటప్పుడు మోకాలు యంత్రపు చుట్టలో కాస్త వంగి ఉంటుంది. వంగిన కొద్దీ ఈ దూరం తగ్గుతుంది. 20 అనే గీత మొదట సి.టి. కొలతల మీద గీసినది. కాబట్టి మొదటి డాక్టరు గారు 17 చూసి ఎముక జోలికి వెళ్లక్కర్లేదనుకున్నారు. రెండో డాక్టరు గారు 21 చూసి కదపాలన్నారు. ఇద్దరూ ఒకే మోకాలిని రెండు కిటికీల్లోంచి చూశారు.

మరో మాట కూడా ఉంది. 20 గోడ కాదు. 19 ఉన్నవాళ్లందరూ క్షేమమనీ, 21 ఉన్నవాళ్లందరికీ ఎముక కోయాలనీ లేదు. ఇలాంటి మధ్యస్థ అంకెలప్పుడు మోకాలు కదిలే తీరును కళ్లతో చూడాలి. మంచం అంచున కూర్చుని, వేలాడుతున్న కాలిని నెమ్మదిగా చాచు. చివర్లో చిప్ప గాడిలోంచి తప్పుకుని చటుక్కున బయటికి పక్కకు జరుగుతోందా? ఆ దారి తిరగేసిన జె అక్షరంలా ఉంటుంది, అందుకే జె గుర్తు అంటాం. అది స్పష్టంగా ఉంటే లిగమెంటు ఒక్కదాని మీద భారం వేయడానికి నేనైతే వెనకాడతాను. లేకపోతే లిగమెంటు ఒక్కటే కట్టి మంచి ఫలితం చూసినవాళ్లు చాలామంది ఉన్నారు.

సి.టి. స్కాన్ తీసుకుని మొదటి డాక్టరు గారి దగ్గరికి మళ్లీ వెళ్లు. ‘ఈ కొలత చూశాక కూడా మీ మాట అదేనా, ఎందుకు’ అని అడుగు. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకు. మంచి వైద్యుడు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు.

పాతఆటగాడు

నాకు 54 ఏళ్లు. ఈ చర్చ చదువుతుంటే, నా 19వ ఏట ఇలా అడిగేవాళ్లూ చెప్పేవాళ్లూ నా పక్కన లేకపోయారనిపించింది. అప్పట్లో నాకు చేసింది చిన్న ఆపరేషన్. చిప్పకు బయటి పక్కన ఉన్న బిగుతు పొరను కోసి వదిలేశారు. ‘బయటికి లాగేదాన్ని కోసేశాం, ఇక జారదు’ అన్నారు. వారంలో నడిచాను, ఇంట్లో అందరూ ఆనందపడ్డారు. ఏడాది తిరక్కుండా మళ్లీ జారింది. అంతకన్నా బాధాకరం ఏమిటంటే, కొన్నాళ్లకు చిప్ప లోపలి పక్కకు కూడా ఊగడం మొదలైంది. అటు ఆసరా లేదు, ఇటు ఆసరా లేదు. ఇప్పుడు చిప్ప కింద అరుగుదల ఉంది, కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించాలి.

నీలిగోరింటా, తల్లీ, చిన్న ఆపరేషన్ అయితే భయం తక్కువ అని చిన్నదాన్ని ఎంచుకోవద్దు. నీ మోకాలికి ఏది కావాలో అదే చేయించుకో.

అస్థివైద్యుడు

పాతఆటగాడు గారూ, మీరు పడిన బాధకు విచారిస్తున్నాను. మీరు రాసినది అందరూ చదవాలి. చిప్ప జారే జబ్బుకు బయటి పొర కోయడాన్ని ఒంటరిగా చేయకూడదని ఇప్పుడు గట్టిగా చెబుతున్నాం. కారణం మీరు చెప్పినదే. ఆ పొర కూడా చిప్పకు ఒక పక్క ఆసరా.

బుడిపె జరపడంలోనూ పాత తప్పులున్నాయి. 1938లో హౌసర్ అనే వైద్యుడు చెప్పిన పద్ధతిలో బుడిపెను లోపలికీ కిందికీ జరిపేవారు. మోకాలి కింది ఎముక అడ్డుకోతలో త్రిభుజంలా ఉంటుంది కాబట్టి, లోపలికి జరిపితే అది వెనక్కి కూడా పోతుంది. దానితో చిప్ప గాడిని గట్టిగా నొక్కుతూ అరిగిపోయేది. జారడం ఆగింది కానీ కీళ్లవాతం వచ్చింది. అందుకే తర్వాత ఏటవాలుగా కోసి, లోపలికి జరిపినప్పుడు కాస్త ముందుకు కూడా వచ్చేలా చేసే ఫుల్కర్సన్ పద్ధతి వచ్చింది. చిప్ప కింద, బయటి పక్క అరుగుదల ఉన్నవారికి అది ఎక్కువ పనికొస్తుంది.

పన్నెండేళ్లపాపఅమ్మ

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా పాపకు 12 ఏళ్లు, చిప్ప మూడుసార్లు జారింది. ఎముకలు ఎదిగే వయసు కాబట్టి 15 దాటేదాకా ఏమీ చేయకూడదన్నారు. అంతవరకు బడికి పంపాలన్నా గుండె దడగా ఉంటోంది. రాత్రి నిద్రలో అటూ ఇటూ తిరిగినా లేచి చూస్తున్నాను.

అస్థివైద్యుడు

అమ్మా, ‘ఏమీ చేయకూడదు’ అన్నది పూర్తి మాట కాదు. ఎముక చివర్లలో ఎదుగుదల పట్టీలు తెరుచుకుని ఉన్నంతకాలం బుడిపెను కోయకూడదు. కోస్తే పట్టీ ముందు భాగం దెబ్బతిని, మోకాలు వెనక్కి వంగేలా ఎదిగే ప్రమాదం ఉంది. అయితే లిగమెంటును ఆ పట్టీకి తగలకుండా జాగ్రత్తగా కట్టే పద్ధతులున్నాయి. పిల్లల ఎముకల శస్త్రచికిత్సలో అనుభవం ఉన్నవారు చేస్తారు. మోకాళ్లు లోపలికి తగిలేంత వంపు ఉంటే ఎదుగుదల మిగిలి ఉండడమే అవకాశం. చిన్న ప్లేటుతో ఒక పక్క ఎదుగుదలను కొంతకాలం ఆపితే కాలు తిన్నగా వస్తుంది. ఆ అవకాశం ఎదుగుదల ముగిశాక ఉండదు. కాబట్టి 15 దాకా ఆగమన్న సలహాను మరో పిల్లల ఎముకల వైద్యుడితో ఒకసారి సరిచూసుకోండి.

పన్నెండేళ్లపాపఅమ్మ

చేతులెత్తి నమస్కరిస్తున్నాను. వచ్చే వారమే తీసుకెళ్తాను.

వంగనిమోకాలు

తేలికనడక గారి అనుభవం చదివి సంతోషించాను. అందరికీ అలా జరగదని కూడా తెలియాలి, అందుకే రాస్తున్నాను. భయపెట్టాలని కాదు.

నాకు లిగమెంటు కట్టాక చిప్ప జారలేదు. కానీ మోకాలు 70 డిగ్రీలు దాటి వంగలేదు. మూడు నెలలు ఫిజియోథెరపీలో ఏడుస్తూ ప్రయత్నించాను. నేనే సరిగా చేయడం లేదని అందరూ అన్నారు. చివరికి వేరే చోట చూపిస్తే, తొడ ఎముక మీద కొత్త లిగమెంటు నాటిన చోటు కాస్త పైకి, ముందుకు పోయిందని తేలింది. మోకాలు వంగిన కొద్దీ అది బిగుసుకుపోతోంది. మళ్లీ ఆపరేషన్ చేసి విడిపించారు, ఇప్పుడు 130 దాకా వంగుతుంది. పోయిన ఆ ఏడు నెలలు నావి.

సర్జనును ఈ ఒక్క ప్రశ్న తప్పక అడగండి: తొడ ఎముక మీద చోటును ఎలా గుర్తిస్తారు? ఆపరేషన్ జరుగుతుండగా ఎక్స్‌రేలో చూసి నిర్ధారిస్తారా?

అస్థివైద్యుడు

చాలా ముఖ్యమైన మాట. ఈ ఆపరేషన్‌లో ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే. ఆ చోటును పక్కవాటు ఎక్స్‌రేలో ఎలా గుర్తించాలో 2007లో షోట్లే, ఆయన సహచరులు చెప్పారు. అప్పటినుంచి దాన్ని షోట్లే బిందువు అంటున్నాం. కొన్ని మిల్లీమీటర్లు తప్పినా లిగమెంటు బిగుతు మారిపోతుంది. ఇంకొకటి, కొత్త లిగమెంటు చిప్పను లాగి పట్టకూడదు. అది కుక్కకు కట్టిన పట్టీలాంటిది. కుక్క దారిలో నడుస్తుంటే పట్టీ వదులుగానే ఉండాలి, పక్కకు దూకబోయినప్పుడే బిగియాలి. ఎప్పుడూ బిగుసుకుని ఉంటే లోపలి పక్క మృదులాస్థి నలిగిపోతుంది.

అందుకే జారడం లేకుండా నొప్పి మాత్రమే ఉన్నవారికి ఈ లిగమెంటు కట్టకూడదు. వారి నొప్పికి కారణం వేరే ఉంటుంది.

నీలిగోరింట

మొదటి డాక్టరు గారి దగ్గరికి వెళ్లి వచ్చాను. సి.టి. చూపించాను. ఆయన ఏమీ అనుకోలేదు. నన్ను మంచం అంచున కూర్చోబెట్టి కాలు చాచమన్నారు. పది, పన్నెండుసార్లు చాచాను. ఆయన వంగి, కళ్లు చిప్ప ఎత్తుకు తెచ్చుకుని చూశారు. చివర్లో ప్రతిసారీ చిప్ప బయటికి గెంతింది. ఇన్నేళ్లలో నా మోకాలిని నేను అలా చూసుకోనే లేదు. ‘పోయినసారి మీరు నొప్పితో బిగపట్టి ఉన్నారు, ఇది నాకు కనబడలేదు. రెండో డాక్టరు గారు చెప్పినదే సరి’ అన్నారు. ఆ ఒక్క మాటతో ఆయన మీద నాకు నమ్మకం రెట్టింపయింది.

లిగమెంటు కొత్తది కడతారు, దానికి నా తొడ లోపలి పక్కనుంచి గ్రాసిలిస్ అనే సన్నని టెండన్ తీసుకుంటారు. బుడిపెను సుమారు 8 మిల్లీమీటర్లు లోపలికి జరుపుతారు. ఇంకా ఎక్కువ జరిపితే లోపలి పక్క ఒత్తిడి పెరుగుతుందన్నారు. షోట్లే బిందువు సంగతి అడిగాను. ఎక్స్‌రేలో చూశాకే రంధ్రం చేస్తానన్నారు. గాడిని లోతు చేసే ఆపరేషన్ నాకు అక్కర్లేదట, అది గాడిలో బాగా ఉబ్బు ఉన్న బి, డి రకాలవారికి అన్నారు.

ఇంకో మూడు వారాల్లో. ఈలోపు ఏం చేయాలి?

ఫిజియోఅక్క

ఇక్కడ నేను చెప్పాలి చెల్లీ. ఈ మూడు వారాలను వృథా చేయకు.

మోకాలిలో వాపు వస్తే మెదడు తొడ కండరానికి ఆజ్ఞ పంపడం మానేస్తుంది. ఆపరేషన్ మరుసటి రోజు ‘తొడ బిగించు’ అంటే బిగియదు. నీలో శక్తి లేక కాదు, దారి మూసుకుపోయి. ఆ దారి ఇప్పుడే బాగా నలిగి ఉంటే తర్వాత త్వరగా తెరుచుకుంటుంది. చిన్న తువ్వాలు చుట్ట మోకాలి కింద పెట్టు. మోకాలితో దాన్ని నేలకేసి నొక్కు, ఐదు లెక్కపెట్టు, వదులు. చిప్పకు పైన, లోపలి పక్క కన్నీటిచుక్క ఆకారంలో ఒక కండరం ఉబ్బుతుంది. దాని మీద రెండు వేళ్లు ఆనించి ఉంచు, బిగిసిందో లేదో వేళ్లే చెబుతాయి. రోజుకు ఎన్నిసార్లు కుదిరితే అన్నిసార్లు చెయ్యి. తుంటి పక్క కండరాలు మరచిపోవద్దు. తుంటి బలహీనంగా ఉంటే తొడ లోపలికి తిరుగుతుంది, చిప్ప బయటికి పోతుంది.

ఊతకర్రలతో నడవడం, మెట్లు ఎక్కడం దిగడం ఇప్పుడే నేర్చుకో. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఊతకర్రలతో పాటు ఆపరేషన్ కాలు ముందు. నొప్పిలో, మత్తులో ఉన్నప్పుడు నేర్చుకోవాలంటే కష్టం.

నీలిగోరింట (ఆపరేషన్ తర్వాత 9వ రోజు)

అయిపోయింది. మొదటి రోజు కాలు నాది కానట్టే ఉంది, నరానికి ఇచ్చిన మత్తు మరునాటిదాకా దిగలేదు. అది దిగిన రాత్రి మాత్రం కష్టంగా గడిచింది. దాచను. మందు సమయం కాకముందే నొప్పి వచ్చేసింది, దాన్ని పట్టుకోవడానికి తెల్లారింది.

ఫిజియోఅక్క చెప్పింది అక్షరాలా జరిగింది. రెండో రోజు తొడ బిగించమంటే ఏమీ జరగలేదు. నా తొడను నేనే చూస్తూ ‘బిగుసుకో’ అని బయటికే అన్నాను. చలనం లేదు. మూడో రోజు సాయంత్రం వేళ్ల కింద చిన్న అదురు, చేప తోక తగిలినట్టు. అమ్మను పిలిచి ఆమె వేళ్లు కూడా అక్కడ పెట్టించాను.

గాటుకు బయటి పక్క అరచేయంత మేర స్పర్శ లేదు. ఇది మామూలేనా? ఇంకా, చాచిన కాలిని పైకెత్తబోతే మడమ లేస్తోంది కానీ మోకాలు కాస్త వంగిపోతోంది.

ఫిజియోఅక్క

ఆ అదురే మనకు కావాల్సింది! మోకాలు వంగకుండా కాలు లేచేదాకా బ్రేసు తాళం తీయకూడదు, నడిచేటప్పుడు తీయనే కూడదు. స్పర్శ లేకపోవడం ఈ గాటుకు మామూలే. చర్మానికి వచ్చే సన్నని నరపు కొమ్మ ఆ దారిలోనే పోతుంది. చాలావరకు తగ్గుతూ వస్తుంది, కొంతమందికి చిన్న మచ్చంత మిగిలిపోతుంది.

నువ్వు అడగనిది ఒకటి చెబుతాను. పిక్కలో నొప్పి, బిగుతు, వాపు, వేడి వస్తే, లేదా ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు వస్తే ఇక్కడ రాయవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లు. కాలి సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. గాటు దగ్గర చీము, జ్వరం వచ్చినా అంతే. పాదాలు పైకీ కిందికీ ఆడించడం మేలుకుని ఉన్నంతసేపూ మానవద్దు.

వంగనిమోకాలు

వంగడం ఎంతవరకు వచ్చింది? ఆ సంఖ్య రాసిపెట్టుకో తల్లీ. ఆగిపోతే త్వరగా తెలుస్తుంది.

నీలిగోరింట (7వ వారం)

రాసిపెట్టుకుంటూనే ఉన్నాను అక్కా. రెండో వారం 45, నాలుగో వారం 70, ఆరో వారం 95. ఎక్స్‌రేలో ఎముక అతుకుతున్న గీత కనబడింది. ఇన్నాళ్లూ కాలి మీద సగం బరువే వేయనిచ్చారు, ఇప్పుడు ఒక ఊతకర్ర వదిలేయమన్నారు.

తొడ మాత్రం సగమైంది. ఎడమ తొడ పక్కన కుడి తొడ చిన్నపిల్లదానిలా ఉంది. కొలిస్తే నాలుగు సెంటీమీటర్ల తేడా. దీన్ని చూసినప్పుడు మాత్రం బాధపడ్డాను.

తేలికనడక

నాది కూడా అంతే. తిరిగి రావడానికి ఏడాది పట్టింది, కానీ వచ్చింది. అద్దంలో రోజూ చూసుకోవద్దు, నెలకోసారి టేపుతో కొలుచుకోండి.

పన్నెండేళ్లపాపఅమ్మ

మా పాపను వేరే పిల్లల ఎముకల వైద్యుడికి చూపించాము. మోకాళ్ల వంపు ఉందట, ముందు చిన్న ప్లేటు వేసి కాలు తిన్నగా చేస్తామన్నారు. ఆ తర్వాత కూడా జారుతుంటే లిగమెంటు సంగతి చూద్దామన్నారు. ఎదుగుదల ఇంకా రెండేళ్లు మిగిలి ఉండగా వచ్చారు, మంచిది అన్నారు. ఇక్కడ అడగకపోతే ఆ రెండేళ్లు ఎదురుచూపుల్లోనే పోయేవి.

నీలిగోరింట (5 నెలల తర్వాత)

ఎముక పూర్తిగా అతుక్కుంది. మోకాలు 135 వంగుతోంది. మోకాళ్ల మీద ఆనితే ఒక స్క్రూ తల గుచ్చుకుంటోంది, ఏడాది తర్వాత కావాలంటే తీసేస్తామన్నారు.

ఎవరూ ముందుగా చెప్పనిది ఒకటి ఉంది, అందుకే రాస్తున్నాను. చిప్ప జారడం ఆగింది కానీ జారుతుందన్న భయం ఆగలేదు. డాక్టరు గారు చిప్పను బొటనవేలితో బయటికి నెట్టి చూపించారు, గట్టిగా ఆగింది. నా చెయ్యి మాత్రం దానంతట అదే వెళ్లి ఆయన మణికట్టు పట్టేసుకుంది. ఎనిమిదేళ్ల అలవాటు. మెట్లు ఇంకా పక్కవాటుగానే దిగుతున్నానని మొన్న అమ్మ చెబితే గానీ నాకు తెలియలేదు.

ఫిజియోఅక్క

దానికీ వ్యాయామమే మందు, కాళ్లకు వేరు, దీనికి వేరు. భయం కలిగించే కదలికను ముక్కలుగా చెయ్యి. ముందు రెండు చేతులతో ఏదైనా పట్టుకుని, పాదం నేలకు ఆనించి, నడుము మాత్రం కొంచెం తిప్పు. తర్వాత ఒక చెయ్యి వదులు. తర్వాత రెండూ. ప్రతి మెట్టు దగ్గరా భయం తగ్గేదాకా ఆగు, దాటేయకు. ఒంటికాలి గెంతుల పరీక్షలో కుడి కాలు ఎడమ కాలి దూరంలో 90 శాతమైనా అందుకునేదాకా వాలీబాల్ మాట ఎత్తవద్దు. తొందరపడితే నేనే తిడతాను.

పాతఆటగాడు

నేను ఇప్పటికీ మెట్లు పక్కవాటుగానే దిగుతాను తల్లీ, 35 ఏళ్లుగా. నువ్వు మానుకో. నీకు మానుకునే మోకాలు ఉంది.

నీలిగోరింట (8 నెలల తర్వాత)

నిన్న సాయంత్రం అదే అర ముందు నిలబడ్డాను. అదే పై వరస. ఎడమ చేత్తో అర అంచు పట్టుకుని, కుడి చెయ్యి చాచి, తిరిగాను. మోకాలు నిలబడింది. పుస్తకం తిరిగి పెట్టేసి, అర అంచు వదిలేసి మళ్లీ తీశాను. అలా నాలుగుసార్లు. ఐదోసారి తీసినప్పుడు అమ్మ వంటింట్లోంచి ‘ఆ పుస్తకంతో ఏం పని ఇప్పుడు’ అని అడిగింది. చెప్పడానికి గొంతు రాలేదు.

గెంతు పరీక్ష సోమవారం. పోయినసారి 82 శాతం వచ్చింది. ఎంత వచ్చిందో సోమవారం రాత్రి ఇక్కడే రాస్తాను.